ఫ్రాంక్‌ఫర్ట్‌కు పెర్ఫార్మెన్స్ ఇంజనీర్‌గా వస్తున్నవారికి

ఫ్రాంక్‌ఫర్ట్‌లో సర్వర్ పెర్ఫార్మెన్స్ ఉద్యోగం, అంటే సిస్టమ్‌లు ఎంత లోడ్‌కు ఎంత వేగంగా జవాబిస్తాయో కొలిచి సరిచేసే పని, ఖాయమైన మనవాళ్ళు ఫోన్ చేసి ముందుగా అడిగేది, ఏ టూల్ నేర్చుకుని రావాలని. జేమీటర్, లోడ్‌రన్నర్, గాట్లింగ్, కే6 లాంటి లోడ్ టెస్ట్ టూల్స్‌లో ఏదో ఒకటి మీకు వచ్చే ఉంటుంది. మిగతావి అవసరం పడ్డప్పుడు పట్టుబడతాయి. కొత్తవాళ్ళకు ఇక్కడ కష్టమనిపించేవి రెండే: ఏది కొలవాలన్నా ముందు ఎవరి అనుమతి కావాలో తెలుసుకోవడం, కొలిచాక దాన్ని కాగితం మీద ఎలా పెట్టాలో తెలుసుకోవడం. ఈ రెండూ హైదరాబాద్ ఆఫీసులో ఎవరూ నేర్పరు కాబట్టి వాటి మీదే ఎక్కువ రాస్తున్నాను.

అంతకంటే ముందు ఇల్లు సంగతి. అద్దెకు దిగిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనర్ సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం లేకుండా అది జరగదు కాబట్టి, ఆ పత్రం ఇవ్వనన్న ఇంటికి అడ్వాన్స్ కట్టకండి. నమోదయ్యాక పన్ను నంబరు పోస్టులో వస్తుంది. అది పేరోల్‌కు చేరకపోతే మీ జీతం అన్నిటికంటే ఎక్కువ కోత పడే ఆరో పన్ను తరగతిలోకి పోతుంది. పోస్టు డబ్బా మీద మీ ఇంటిపేరు అంటించడం మరచిపోవద్దు, పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి వెళ్ళిపోతుంది. డిపాజిట్ మూడు నెలల అద్దె దాటకూడదు, అదీ మెయింటెనెన్స్ కలపని అద్దె మీద లెక్క. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇచ్చింది. ఊళ్ళో అద్దెలు భరించలేమనుకుంటే ఎష్‌బోర్న్, ఆఫెన్‌బాఖ్, బాడ్ ఫిల్బెల్ చూడండి, అన్నిటికీ ఎస్-బాన్ రైలుంది. దేశమంతా లోకల్ రైళ్ళకూ బస్సులకూ చెల్లే నెలవారీ టికెట్ 2023లో 49 యూరోలతో మొదలై 2025లో 58 అయింది, 2026 నుంచి 63. మీ కంపెనీ ఇందులో కొంత భరిస్తుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. ఆదివారం కొట్లు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. బియ్యం, కందిపప్పు, చింతపండు ప్రధాన రైల్వే స్టేషన్ చుట్టుపక్కల మన దేశపు కొట్లలో దొరుకుతాయి, సూట్‌కేసు నిండా మోసుకురానక్కర్లేదు.

ఇక పని. ఈ ఊరికి ఇంతమంది పెర్ఫార్మెన్స్ మనుషులు ఎందుకు కావాలో అర్థమైతే మీ ఉద్యోగమూ అర్థమవుతుంది. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ ఇక్కడే ఉంది. ప్రపంచంలోని అతిపెద్ద ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీల్లో ఒకటైన డీ-సిక్స్ 1995 నుంచి ఇక్కడే నడుస్తోంది. హనావర్ లాండ్‌స్ట్రాసె వెంట, సోసెన్‌హైమ్ వైపు డేటా సెంటర్లు వరసగా కనిపిస్తాయి. దానికి తోడు యూరప్ తెచ్చిన ఇన్‌స్టంట్ పేమెంట్ నిబంధన ఒకటి. యూరో వాడే దేశాల బ్యాంకులు 2025 జనవరి 9 నుంచి తక్షణ చెల్లింపులు అందుకోవాలి, అక్టోబర్ 9 నుంచి పంపగలగాలి. పది సెకన్లలో డబ్బు అవతలి ఖాతాలో పడాలి, రాత్రీ పగలూ, పండగలూ సెలవులూ అన్న తేడా లేకుండా. మన యూపీఐకి అలవాటుపడిన వాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. కానీ రాత్రిపూట బ్యాచ్ నడిపి పొద్దున్నే లెక్కలు సరిచూసుకోవడానికి కట్టిన పాత బ్యాంకు సిస్టమ్‌లకు ఇది పెద్ద మార్పు. మెయిన్‌ఫ్రేమ్ అనే పాత పెద్ద కంప్యూటర్ ముందు జావా సర్వీసులు పెట్టి, వాటిని కుబెర్నెటిస్‌లో (కంటెయినర్లను నడిపే వ్యవస్థ) నడుపుతూ, పది సెకన్ల గడువులో తమ వంతు ఎంతో లెక్క కట్టుకునే టీముల్లోకి మీరు వస్తున్నారు.

ఇక్కడ సగటు రెస్పాన్స్ టైమ్ చెప్పి ఒప్పించలేరు. ప్రతి చెల్లింపుకూ గడువుంది, సగటుకు లేదు. ఒక చెల్లింపు వరసగా 20 సర్వీసుల గుండా పోతోందనుకోండి. ఒక్కో సర్వీసు నూటికి ఒక్కసారే నెమ్మదిస్తుంది, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయినా నూటికి దాదాపు 18 చెల్లింపులు ఎక్కడో ఒకచోట ఆ నెమ్మదికి చిక్కుతాయి. అందుకే 99వ పర్సెంటైల్, అంటే నూటికి 99 రిక్వెస్టులు ఎంత సమయంలోపు పూర్తయ్యాయో, చూపించమంటారు, చాలాచోట్ల 99.9 కూడా. ఇంటర్వ్యూల్లోనూ ఇదే అడుగుతారు.

లిటిల్ సూత్రం కూడా చేతిలో ఉండాలి: వచ్చే వేగాన్ని లోపల ఉండే సమయంతో గుణిస్తే, లోపల సగటున ఎన్ని ఉంటాయో వస్తుంది. సెకనుకు 200 రిక్వెస్టులు వస్తూ, ఒక్కోటి అర సెకను లోపల ఉంటే, ఏ క్షణంలో చూసినా సగటున 100 లోపల ఉంటాయి. ఆ అర సెకనూ ఒక్కోటి ఒక డేటాబేస్ కనెక్షన్ పట్టుకుని ఉంటే, పూల్‌లో (ముందే తెరిచి ఉంచుకున్న కనెక్షన్ల నిల్వ) 50 కనెక్షన్లతో ఆ లోడ్ నడవదని టెస్ట్ పెట్టకముందే చెప్పొచ్చు. ఇలా ముందే లెక్క కట్టి, టెస్ట్‌తో రుజువు చేసే మనిషికి ఇక్కడ గౌరవం ఉంది. ముందు టెస్ట్ పెట్టేసి, తర్వాత గ్రాఫ్‌లో కారణం వెతుక్కునే పద్ధతికి అంత లేదు.

కొత్త ప్రాజెక్టులో మొదటి వారమే చూడాల్సినవి రెండున్నాయి. కంటెయినర్‌కు 2 సీపీయూల లిమిట్ పెట్టారంటే, లినక్స్ డిఫాల్ట్‌గా ప్రతి 100 మిల్లీసెకన్లకు 200 మిల్లీసెకన్ల సీపీయూ సమయం ఇస్తుంది. ఎనిమిది థ్రెడ్లు ఒకేసారి లేస్తే ఆ కోటా 25 మిల్లీసెకన్లలో అయిపోతుంది, మిగతా 75 మిల్లీసెకన్లు అందరూ ఆగి చూస్తుంటారు. డాష్‌బోర్డ్‌లో సీపీయూ వాడకం తక్కువే కనిపిస్తుంది, రెస్పాన్స్ టైమ్ మాత్రం ఎగిరిపోతుంది. గార్బేజ్ కలెక్టర్‌ను (వాడని మెమరీని ఖాళీ చేసే జావా భాగం) తిట్టేముందు, కోటా అయిపోయి ఎన్నిసార్లు ఆగిందో చెప్పే థ్రాట్లింగ్ కౌంటర్ చూడండి. రెండోది లోడ్ టెస్ట్ టూల్ సెట్టింగ్. సర్వర్ ఐదు సెకన్లు ఆగిపోయినప్పుడు టూల్ కూడా జవాబు కోసం ఆగిపోతే, ఆ ఐదు సెకన్లలో రావాల్సిన రిక్వెస్టులు అసలు వెళ్ళవు, వాటి ఆలస్యం లెక్కలోకి రాదు. రిపోర్ట్ అందంగా ఉంటుంది కానీ అబద్ధం చెబుతుంది. నిజం యూజర్లు సర్వర్ కోసం ఆగరు కాబట్టి, రిక్వెస్టులు నిర్ణీత వేగంతో వస్తూనే ఉండేలా టెస్ట్ పెట్టండి.

అనుమతుల దగ్గరికి వద్దాం. మన దగ్గర ప్రొడక్షన్‌లో సమస్య వస్తే హీప్ డంప్ తీసి, షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, రాత్రి షిఫ్ట్ వాళ్ళను చూడమంటాం. ఇక్కడ ఆ పని చేస్తే ఉద్యోగం మీదికి రావచ్చు. హీప్ డంప్ అంటే ఆ క్షణంలో మెమరీలో ఉన్న సమస్తం: ఖాతాదారుల పేర్లు, ఖాతా నంబర్లు, బ్యాలెన్సులు. యూరప్ డేటా రక్షణ చట్టం ప్రకారం అది వ్యక్తిగత సమాచారం. ఐపీ అడ్రస్ కూడా వ్యక్తిగత సమాచారం కాగలదని యూరోపియన్ కోర్టు 2016లోనే తేల్చింది కాబట్టి యాక్సెస్ లాగ్‌లూ అదే కోవలోకి వస్తాయి. భారతదేశానికి డేటా రక్షణ విషయంలో యూరప్ గుర్తింపు లేదు. అందువల్ల ఆ ఫైల్ హైదరాబాద్ టీముకు పంపడమే కాదు, వాళ్ళు అక్కడ కూర్చుని ఇక్కడి సర్వర్‌లో తెరిచి చూడడం కూడా యూరప్ బయటి దేశానికి (చట్టం మాటలో మూడో దేశం) సమాచారం పంపినట్టే లెక్క. దానికి ముందుగా ఒప్పందాలు, రక్షణ ఏర్పాట్లు ఉండాలి. మీ ప్రాజెక్టులో అవి ఉన్నాయో లేదో సమస్య వచ్చిన రాత్రి వెతుక్కోకుండా, చేరిన వారంలోనే డేటా రక్షణ అధికారిని అడిగి తెలుసుకోండి. మన ఇంజనీర్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, ఎందుకంటే రెండు దేశాల టీముల మధ్య వారధిగా కూర్చోబెట్టేది మనల్నే. కోడ్‌లో సమయం ఎక్కడ పోతోందో చూపే ఫ్లేమ్ గ్రాఫ్, జావా ఫ్లైట్ రికార్డర్ చాలా సమస్యలను హీప్ డంప్ అవసరం లేకుండానే తేల్చేస్తాయి. వాటిలోనూ ఏ సమాచారం చేరుతుందో చూసుకుని, ముందు వాటితో మొదలుపెట్టండి.

మానిటరింగ్ టూల్ పెట్టాలన్నా అంతే. ఉద్యోగుల ప్రతినిధుల మండలిని ఇక్కడ బెట్రీబ్స్‌రాట్ అంటారు. ఉద్యోగి ప్రవర్తనను, పనితీరును గమనించడానికి వీలున్న ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ముందు ఆ మండలి ఒప్పుకోవాలని చట్టం. కాల్ సెంటర్ అప్లికేషన్ ఎందుకు నెమ్మదిగా ఉందో చూడడానికి ప్రతి రిక్వెస్ట్ దారినీ నమోదు చేసే ట్రేసింగ్ మీరు పెట్టారనుకోండి, అందులో ఏ ఉద్యోగి ఎన్ని సెకన్లకు ఏ బటన్ నొక్కాడో కూడా కనిపిస్తుంది. మండలి అభ్యంతరం న్యాయమైనదే. యూజర్ ఐడీలు గుర్తుపట్టకుండా మార్చేస్తామని, ఫలానా రోజుల తర్వాత డేటా తుడిచేస్తామని ప్లాన్‌లోనే రాసి తీసుకెళితే మాట త్వరగా ముందుకు సాగుతుంది. అనుమతికి పట్టే కాలాన్ని ప్రాజెక్ట్ షెడ్యూల్‌లో ముందే కలపండి.

రాత్రి టెస్టులకూ లెక్కుంది. రోజుకు గరిష్ఠంగా పది గంటల పని, రెండు పనిదినాల మధ్య పదకొండు గంటల విశ్రాంతి మామూలు నియమం. రాత్రి రెండింటిదాకా లోడ్ టెస్ట్ నడిపితే మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట ముందు లాప్‌టాప్ తెరవకూడదు. తొమ్మిదింటి మీటింగుకు రాకపోతే ఏమనుకుంటారో అని టెన్షన్ పడొద్దు, వస్తేనే మేనేజర్ ఇబ్బంది పడతాడు. ఆదివారం పనికి మినహాయింపులు ఉన్నాయి గానీ, ఎవరో నోటిమాటగా చెప్తే సరిపోదు, రాతపూర్వకంగా ఉండాలి.

కన్సల్టింగ్ కంపెనీ తరఫున క్లయింట్ ఆఫీసులో కూర్చునేవాళ్ళకు మొదట్లో ఒక వింత కనిపిస్తుంది. పక్క సీట్లో ఉన్న క్లయింట్ మేనేజర్ మీకు నేరుగా పని చెప్పడు. టికెట్ వేస్తాడు, లేదా మీ కంపెనీ లీడ్‌కు చెబుతాడు. టీమ్ లంచ్‌కు పిలవకపోవచ్చు కూడా. మీరంటే ఇష్టం లేక కాదు. బయటి కంపెనీ మనిషికి క్లయింట్ నేరుగా ఆదేశాలిస్తే అది మనుషులను అద్దెకివ్వడం కిందికి వస్తుంది. దానికి వేరే లైసెన్స్, వేరే నిబంధనలు ఉన్నాయి, ఒకే క్లయింట్ దగ్గర మామూలుగా 18 నెలల పరిమితి ఉంది. మీ కాంట్రాక్ట్ ఏ రకమో తెలుసుకుని దానికి తగ్గట్టు నడుచుకోండి. కొంచెం పేరొచ్చాక, శనివారాల్లో నా సొంత సలహా పని చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. బ్లూ కార్డుతో (నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) ఇచ్చే అదనపు కాగితం మీద స్వయం ఉపాధి గురించి ఏం రాసుందో చూడండి. అనుమతి లేకుండా ఒక్క ఇన్వాయిస్ కూడా పంపొద్దు. ఆ అనుమతి ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి, మీ యజమాని నుంచి, రెండు వైపులా కావాలి.

రిపోర్ట్ రాయడం ఇక్కడ సగం ఉద్యోగం. ఏ హార్డ్‌వేర్, ఏ వెర్షన్, ఎంత డేటా, ఎంత సేపు, టెస్ట్‌కు ముందు ఎంత వార్మప్, ఎన్నిసార్లు చేస్తే ఫలితాల్లో ఎంత తేడా వచ్చింది, ఇవన్నీ మొదటి పేజీలోనే ఉండాలి. తర్వాత మీ తీర్మానం, దాని కింద మీరు పరీక్షించని విషయాలు. పరీక్షించనివి రాస్తే చులకన అవుతామని మనవాళ్ళు భయపడతారు. ఇక్కడ అవి రాయని రిపోర్ట్‌నే నమ్మరు. 2025 జనవరి 17 నుంచి డోరా అనే చట్టం కింద ఆర్థిక సంస్థలు తమ ఐటీ వ్యవస్థలు దెబ్బలకు తట్టుకుంటాయని పరీక్షించి చూపాలి కాబట్టి, మీ కాగితం ఆడిటర్ చేతికి కూడా వెళ్ళొచ్చు. మీటింగులో మీ అంకెను అందరి ముందూ నిలదీస్తారు. అది మీ మీద కోపం కాదు, మీరూ అలాగే అడగొచ్చు. "అవునండీ, అయిపోతుంది" అని తల ఊపి తర్వాత ఆలస్యం చేయడం కంటే, "గురువారానికి కుదరదు, సోమవారం ఇస్తాను" అని మొదటే చెప్పడం మర్యాద.

ప్రయాణాలుంటే భోజన భత్యం సంగతి హెచ్‌ఆర్‌తో మాట్లాడండి. దేశం లోపల ఎనిమిది గంటలు దాటి బయట ఉంటే రోజుకు 14 యూరోలు, పూర్తి 24 గంటలైతే 28 యూరోలు పన్ను లేకుండా ఇవ్వొచ్చు. ఒకే చోటికి మూడు నెలలకు మించి వెళుతుంటే ఆ వెసులుబాటు ఆగిపోతుంది.

ఆరోగ్య బీమాలో తొందరపడొద్దు. జీతం ఒక పరిమితి దాటితే, 2025లో అది ఏడాదికి 73,800 యూరోలు, ప్రైవేటు బీమాకు మారొచ్చు. వయసులో ఉన్న ఒంటరివాళ్ళకు అది చవగ్గా కనిపిస్తుంది. కానీ ప్రభుత్వ పద్ధతి బీమాలో సంపాదన లేని భార్యకో భర్తకో, పిల్లలకో విడిగా కట్టాల్సిన పని లేదు. ప్రైవేటులో ఒక్కొక్కరికీ కట్టాలి, వెనక్కి రావడమూ కష్టం. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇక్కడ ఉద్యోగం చేసే హక్కుంది, రావడానికి ముందు జర్మన్ పరీక్ష అడగరు.

జర్మన్ మాత్రం మీరు మొదటి నెల నుంచే మొదలుపెట్టండి. బ్లూ కార్డుతో 27 నెలలకు శాశ్వత నివాసం అడగొచ్చు, బీ1 (మధ్యస్థ) స్థాయి జర్మన్ ఉంటే 21 నెలలకే. కోడ్ ఇంగ్లీషులోనే ఉన్నా, బ్యాంకు ఆపరేషన్స్ వాళ్ళు సమస్యను వర్ణించేది జర్మన్‌లో. "పొద్దున్న పూట కొంచెం జిగటగా ఉంటుంది" అని వాళ్ళు కాఫీ దగ్గర అనే మాటలోనే చాలాసార్లు అసలు ఆచూకీ దొరుకుతుంది, టికెట్‌లో అది ఉండదు.

మొదటి ఆరు నెలలు ప్రొబేషన్ అయితే రెండు వారాల నోటీసుతో ఎవరైనా విడిపోవచ్చు. ఉద్యోగం ముందుగానే ముగుస్తోందని తెలిసిన రెండు వారాల్లోపు ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు తెలియజేయాలి. మొదటి పన్నెండు నెలల్లో కంపెనీ మారుతున్నా చెప్పాలి. చెప్పిన తేదీకి రుజువుగా ఈమెయిల్ కాపీ దాచుకోండి. మీ మేనేజర్ మారుతున్నాడని తెలిస్తే, వెళ్ళేలోపు అతని దగ్గర మధ్యంతర పనితీరు పత్రం అడిగి తీసుకోండి. అడగడం ఇక్కడ మామూలే. మీరు ఏ సిస్టమ్‌లో, ఏ లోడ్ దగ్గర, రెస్పాన్స్ టైమ్ ఎంత నుంచి ఎంతకు తెచ్చారో అందులో రాయించుకోండి. తర్వాతి ఇంటర్వ్యూలో మీ రెజ్యూమె కంటే ముందు ఆ కాగితమే చదువుతారు.