కంప్యూటర్ పిచ్చి ఉన్నవారు ముందుగా ఏ పుస్తకం పట్టుకోవాలి?

‘తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు’ లాంటి జాబితాలను ముందు పక్కన పెట్టండి. గీకు (geek, సాంకేతిక పిచ్చి ఉన్నవాడు) అనిపించుకునే ప్రతి మనిషికీ ఏదో ఒక వస్తువు మీద వల్లమాలిన మక్కువ ఉంటుంది. ఒకరికి వీడియో గేము, ఒకరికి తాళం, ఒకరికి రేడియో. పుస్తకాల వేట ఆ వస్తువు దగ్గరే మొదలుపెట్టాలి. నాకైతే అది టెలిఫోన్ రిలే, అంటే తీగచుట్టలో (కాయిల్‌లో) కరెంటు పారగానే అయస్కాంతంలా లాగి కాంటాక్టులను కలిపే, విడదీసే స్విచ్చు. ఉద్యోగమంతా ఎక్స్ఛేంజీల్లోనే గడిచింది. ఎక్కడో ఒకరు నంబరు తిప్పగానే ర్యాకుల మధ్య టకటకలు ఎలా పరుగెత్తుతాయో, పాత స్ట్రౌజర్ (మెకానికల్ స్విచ్చుల) ఎక్స్ఛేంజీలో రాత్రి డ్యూటీ చేసినవారికి తెలుసు. ఆ చప్పుడు వెంట వెళ్తే కంప్యూటర్ పుట్టింటికి చేరవచ్చని మాత్రం నాకు పుస్తకాలే చెప్పాయి.

కథంటే ఇష్టపడేవారు మొదట క్లిఫర్డ్ స్టోల్ రాసిన ‘ది కుకూస్ ఎగ్’ (1989) తీసుకోండి. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో, కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వస్తుంది. స్టోల్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. గ్రాంటు అయిపోవడంతో కంప్యూటర్ విభాగానికి వచ్చాడు. తేడా సంగతి చూడమని ఆయనకు అప్పగిస్తారు. ముప్పావు డాలరే కదా అని ఎవరైనా వదిలేస్తారు. ఆయన వదల్లేదు. ఎవరో బయటి నుంచి కంప్యూటర్లోకి చొరబడ్డారని తేలింది. శుక్రవారం సాయంత్రం సహోద్యోగుల బల్లల మీది టెర్మినళ్లూ ప్రింటర్లూ మోసుకొచ్చి, బయటి నుంచి వచ్చే లైన్లకు తగిలించి, అక్కడే నేల మీద పడుకున్నాడు. చొరబడినవాడు కొట్టిన ఆదేశాలు ఒక ప్రింటరు కాగితం మీద బారుగా పడి దొరికాయి.

నేను మళ్లీ మళ్లీ తిరగేసేది హానోవర్ ఘట్టం. జాడ జర్మనీలోని ఆ ఊరికి చేరుతుంది. అక్కడి ఎక్స్ఛేంజీ పాత మెకానికల్ స్విచ్చులది. ఒక మనిషి ర్యాకుల మధ్య తిరుగుతూ, ఏ స్విచ్చు దేన్ని పట్టుకుని ఉందో చూసుకుంటూ వెనక్కి పోవాలి. ఈలోగా కాల్ తెగితే స్విచ్చులన్నీ విడిపోతాయి, జాడ చెరిగిపోతుంది. వేధింపు కాల్స్ మీద ఫిర్యాదు వస్తే మేమూ అదే చేసేవాళ్లం: టార్చిలైటు పట్టుకుని, సెలెక్టరు షాఫ్టు (స్విచ్చులో పైకి లేచి తిరిగే కడ్డీ) ఏ లెవెల్లో ఆగిందో చూసి, చీటీ మీద రాసుకుని, పక్క ర్యాకుకు పరుగు. చొరబాటుదారును అంతసేపు లైన్లో ఉంచడానికి స్టోల్ వేసిన ఎత్తు ఏమిటంటే, అమెరికా ‘స్టార్ వార్స్’ క్షిపణి రక్షణ పథకం పేరుతో బోలెడు బూటకపు ఫైళ్లు తయారుచేసి ఎరగా పెట్టడం. తర్వాత ఏమైందో నేను చెప్పను. చదివేటప్పుడు పక్కన కాగితం పెట్టుకుని, లైను ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతోందో గీసుకోండి. లేకపోతే మధ్యలో దారి తప్పుతారు. ఇంత గూఢచర్యం నడుమ చాక్లెట్ చిప్ కుకీలు ఎలా చేయాలో కూడా రాశాడు మహానుభావుడు.

కథకన్నా లోపలి పనితీరు మీద ఆసక్తి ఉంటే చార్లెస్ పెట్‌జోల్డ్ ‘కోడ్’ తీసుకోండి. 1999 నాటి పుస్తకం; 2022లో వచ్చిన రెండో కూర్పే కొనండి. ఇద్దరు స్నేహితులు రాత్రిపూట టార్చిలైట్లతో మాట్లాడుకోవడం దగ్గర మొదలై, మోర్స్, బ్రెయిలీ, టెలిగ్రాఫ్ మీదుగా రిలేకు వస్తుంది. అక్కడ పుస్తకం మూసి, రెండు 12 వోల్టుల రిలేలు తెచ్చుకోండి. హైదరాబాదులో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మామూలుగా మూసి ఉండే కాంటాక్టు గుండా చిన్న బల్బు కలిపి, కాయిల్‌కు బ్యాటరీ తగిలించండి. రిలే లాగగానే బల్బు ఆరిపోతుంది. అదే ఇన్వర్టర్, ‘ఉంది’ని ‘లేదు’గా తిప్పేది (ఇంట్లో కరెంటు పోయినప్పుడు వాడేది కాదు). ఇప్పుడు రెండు రిలేల్లోనూ మామూలుగా తెరిచి ఉండే కాంటాక్టులను వరసగా కలపండి. రెండూ లాగితేనే బల్బు వెలుగుతుంది. స్విచ్చులతో తర్కం నడపవచ్చని గణితవేత్త క్లాడ్ షానన్ 1937లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో తన మాస్టర్స్ థీసిస్‌లో చూపింది ఈ సంగతినే. ప్రాసెసర్ అధ్యాయాలు వచ్చేసరికి పుస్తకం బరువెక్కుతుంది. రోజుకు నాలుగు పేజీలు చాలు, పరుగు వద్దు.

ఆ తర్వాతే స్టీవెన్ లెవీ ‘హ్యాకర్స్’ (1984). దీంతో మొదలుపెట్టకండి, పేర్ల వరదలో కొట్టుకుపోతారు. రిలే చేతిలో పట్టుకుని చూశాక మొదటి భాగం చదివితే మజా వేరు. ఎంఐటీ విద్యార్థుల బొమ్మ రైళ్ల క్లబ్బులో, పట్టాల బల్ల కింద రైళ్లను నడిపించిన వ్యవస్థ చాలావరకు టెలిఫోన్ సామగ్రితో కట్టిందే. బల్ల పైన రైళ్లు చూసేవాళ్లు కాదు, బల్ల కింద దూరి వైర్లు కలిపేవాళ్లే హ్యాకర్లయ్యారు (ఇక్కడ ఆ మాటకు చొరబడే దొంగలని కాదు, యంత్రం లోపలి పనిలో మునిగిపోయేవాళ్లని అర్థం). చివరన గేముల కంపెనీల భాగం నాకు సాగదీసినట్టు అనిపించింది, కావాలంటే వదిలేయండి.

గేముల పిచ్చి ఉన్నవారికి డేవిడ్ కుష్నర్ ‘మాస్టర్స్ ఆఫ్ డూమ్’ (2003) ఉంది. 1990లో మామూలు పీసీ తెర మీద నింటెండో ఆటలా దృశ్యాన్ని నున్నగా జరపడానికి, మారిన ముక్కలను మాత్రమే మళ్లీ గీయాలని ‘డూమ్’ గేము సృష్టికర్తల్లో ఒకడైన జాన్ కార్మాక్ కనిపెట్టిన ఘట్టం కోసమైనా చదవాలి. తాళాలంటే ఇష్టమైతే భౌతిక శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ ‘ష్యూర్లీ యూ ఆర్ జోకింగ్, మిస్టర్ ఫైన్‌మన్!’లో, అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో బీరువాలు తెరిచిన కథలు. ఇంగ్లిష్ భయపెడుతుంటే రాండల్ మన్రో ‘థింగ్ ఎక్స్‌ప్లెయినర్’ (2015). అన్నీ బాగా వాడుకలో ఉన్న వెయ్యి మాటలతోనే రాశాడు. కంపెనీ అధినేతల జీవిత చరిత్రలు మాత్రం నన్నడగకండి. ఎవరు ఎవరి మీద అరిచారో ఉంటుంది, సోల్డరింగ్ ఎవరు చేశారో ఉండదు.

పజిళ్లు ఇష్టమైతే సైమన్ సింగ్ ‘ది కోడ్ బుక్’ (1999). అందులో పది గూఢలిపుల పోటీ పెట్టి 10,000 పౌండ్ల బహుమతి ప్రకటించారు. 2000లో స్వీడన్ బృందం గెలుచుకుపోయింది. డబ్బు రాకపోయినా మొదటి రెండు మూడు విప్పవచ్చు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత ప్రతి దొరికితే, బేరం చేసేముందు చివరి పేజీలు తిప్పి చూడండి. పెన్సిలుతో ఎవరైనా జవాబులు రాసి ఉంటే, ఇంకో ప్రతి ఉందేమో అడగండి.