పగడాలు పెంచే ఉప్పునీటి రీఫ్ ట్యాంకులో ఎల్ఈడీ వెలుగు పెంచే ముందు

విశాఖ ఎండల్లో ముందు థర్మామీటర్ చూడండి. నీరు 27 డిగ్రీలు దాటితే ఈ పని వాయిదా వేయండి. వేడికి వెలుగు తోడైతే పగడం తన ఒంట్లోని నాచును వదిలేసి తెల్లబడిపోతుంది. అలా తెల్లబడ్డాక కోలుకోవడం చాలా కష్టం.

- ప్లగ్ తీశాకే లైటు ముట్టుకోండి. ఉప్పు గాలికి లైటులోని ఫ్యాన్ రెక్కల మీద తెల్లటి పొర పేరుకుంటుంది, తుడిచేయండి.
- పార్ మీటర్‌తో (పగడం లోపలి నాచు వాడుకునే వెలుగును కొలిచే పరికరం) పగడం ఉన్న చోటే కొలవండి, నీటి పైన కాదు. మష్రూమ్ పగడాలకు మీటర్‌లో 50–100 చూపిస్తే చాలు.
- వారానికి 5 శాతం పెంచితే చాలు, తొందర వద్దు. పగడం ముడుచుకున్నా, అంచులు పాలిపోయినా పాత సెట్టింగ్‌కే వెళ్లండి.
- జోవాంథస్‌ను (పగడాల్లాంటి మెత్తటి జీవులు) జరపాల్సి వస్తే గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. కొన్నిటిలో ప్రాణాంతకమైన విషం ఉంటుంది.
- గట్టి పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, సముద్రంలోంచి తీసి తేకండి.