చలికాలం వేడినీళ్ల స్నానం: గుండె జబ్బు, బీపీ ఉన్న పెద్దవాళ్లకు జాగ్రత్తలు

డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్‌లో తెల్లవారుజామున 12, 13 డిగ్రీల చలి మామూలే. రాజేంద్రనగర్, పటాన్‌చెరు వైపు కొన్ని రోజులు 10 లోపుకి కూడా పడిపోతుంది. ఇంట్లో గుండె జబ్బో బీపీయో ఉన్న పెద్దవాళ్లుంటే ఇప్పుడే వాళ్ల బాత్‌రూమ్ సంగతి చూడండి.

వేడినీళ్లు గుండెకు చెడ్డవేమీ కావు. ఒంటికి వేడి తగలగానే చర్మం కింది రక్తనాళాలు వెడల్పై, రక్తం సాఫీగా పారి బీపీ కాస్త దిగుతుంది. జపాన్‌లో 30 వేల మందిని దాదాపు 20 ఏళ్లు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ తొట్టి స్నానం చేసేవాళ్లకు గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 28 శాతం తక్కువగా కనిపించింది. వాళ్లను పోల్చింది వారానికి రెండుసార్లకు మించి తొట్టి స్నానం చేయనివాళ్లతో. మన బకెట్ స్నానానికి ఆ లెక్కను అంటగట్టలేం.

అదే జపాన్‌లో చలికాలం వస్తే స్నానాల గదిలోనే ప్రాణాలు పోయే వృద్ధులు ఎక్కువ. చల్లటి గదిలో బట్టలు విప్పగానే నాళాలు బిగుసుకుని బీపీ పైకి పోతుంది, వేడి తగలగానే ఒక్కసారిగా పడిపోతుంది. పూడికలున్న గుండెకు ఈ ఎగుడుదిగుళ్లే ప్రమాదం.

కాబట్టి ముందు గదిని వెచ్చబెట్టాలి. తలుపు దగ్గరగా వేసి వేడినీళ్లు ఒక బకెట్‌లోకి వదిలితే ఆవిరికి గది చల్లదనం విరుగుతుంది. కరెంటు గీజరైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, వెంటిలేటర్ మూయొచ్చు. గ్యాస్ గీజరైతే మాత్రం ఎప్పుడూ మూయకండి, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వాసన కూడా లేకుండా ప్రాణం తీస్తుంది. రాడ్ వాడేవాళ్లు ప్లగ్ తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి.

స్నానానికి ఇంకో బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పొయ్యండి. 40 డిగ్రీలు దాటనక్కర్లేదు, మోచేతికి హాయిగా ఉంటే చాలు. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు కాలినా తెలియదు, వాళ్ల నీళ్లు ఇంకొకరు చూడాలి. స్టూల్ మీద కూర్చుని మొదట పాదాలు, తర్వాత కాళ్లు, చేతులు, వీపు, చివరికి తల. పది నిమిషాల్లో ముగించి, లోపలే ఒళ్లు తుడుచుకుని, బట్టలు వేసుకున్నాకే బయటికి రావాలి. గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, బీపీ, ప్రోస్టేట్ మాత్రలు వేసుకునేవాళ్లకు మరీను. భోజనం చేసిన వెంటనే వద్దు. కళ్లు తిరుగుతాయని మాత్రలు మాత్రం మానకూడదు.

"స్నానం చెయ్యందే కాఫీ కూడా ముట్టను" అనే అమ్మమ్మలు, తాతయ్యలతోనే టెన్షన్. తెల్లవారుజామున బీపీ సహజంగానే పెరుగుతుంది, ఎండ వచ్చేదాకా ఆగమని బతిమాలండి. గుండె జబ్బుండి అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు చన్నీళ్ల స్నానం గురించి ముందే డాక్టరుతో, గురుస్వామితో మాట్లాడాలి. స్వామి గోరువెచ్చని నీళ్లకు కోప్పడడని నా నమ్మకం.

లోపల గడియ పెట్టనివ్వకండి. మధ్యలో ఒకసారి పిలవండి. ఛాతీ బరువుగా ఉన్నా, చల్లటి చెమటలు పోసినా, మాట తడబడినా స్నానం అక్కడే ఆపి, పొడి దుప్పటి కప్పి 108కి ఫోన్ చెయ్యండి.