రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: సీపీఎస్ అంకె ఎలా వస్తుంది?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు జవాబు. రక్తంలోని తెల్లకణాల్లో రెండు రకాలు: న్యూట్రోఫిల్స్ 6,300, లింఫోసైట్లు 1,050. భాగిస్తే 6. తల, మెడ క్యాన్సర్‌లో ఈ నిష్పత్తి ఎక్కువగా ఉన్నవాళ్లకు ఫలితాలు అంత బాగుండడం లేదని చాలా పరిశీలనల్లో కనిపించింది. కానీ 6 చూసి టెన్షన్ పడే ముందు మందుల చీటీ చూశారా? డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ వాడితే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి. అప్పుడు ఆ 6లో క్యాన్సర్ వాటా ఎంతో, మందు వాటా ఎంతో చెప్పలేం.

ఇక ఈ పాఠం, సీపీఎస్ (కంబైన్డ్ పాజిటివ్ స్కోర్). తల, మెడ క్యాన్సర్ దూరంగా పాకితే ఎక్కువగా చేరేది ఊపిరితిత్తులకే. అక్కడి నుంచి సూదితో ముక్క తీసి పరీక్షిస్తే, రిపోర్టు చివర్లో ఇలాంటి లైను ఉంటుంది: "పీడీ-ఎల్1, 22సీ3, సీపీఎస్ 25." పీడీ-ఎల్1 క్యాన్సర్ కణాల మీదా, కొన్ని రోగనిరోధక కణాల మీదా కనిపించే ప్రోటీన్. దాడికి వచ్చిన టీ కణం (ఒక రకం రోగనిరోధక కణం) మీది పీడీ-1 అనే ప్రోటీన్‌కి అతుక్కుని దాని జోరు తగ్గిస్తుంది. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ మందులు పీడీ-1ని ఆక్రమించి ఆ అతుకు పడనివ్వవు. 22సీ3 అంటే పీడీ-ఎల్1 ఉన్నచోట రంగు పట్టించే పరీక్షకు వాడిన యాంటీబాడీ.

అంకె ఎలా వచ్చిందో చూద్దాం. స్లైడులో బతికున్న క్యాన్సర్ కణాలు 200 అనుకోండి. వాటిలో 30 కణాల అంచున గోధుమ రంగు పట్టింది. గడ్డలోనూ, దాన్ని ఆనుకునీ ఉన్న లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లలో (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) రంగు పట్టినవి 20. మొత్తం 50. దాన్ని 200తో భాగించి 100తో గుణిస్తే 25. అదే సీపీఎస్. రోగనిరోధక కణాలను వదిలేసి 30ని మాత్రమే తీసుకుంటే 15 శాతం, అది టీపీఎస్ (ట్యూమర్ ప్రొపోర్షన్ స్కోర్). ఈ రెంటినీ కలగాపులగం చేసేవాళ్లు చాలామంది. గుర్తు ఏమిటంటే, టీపీఎస్ పక్కన శాతం గుర్తు ఉంటుంది, సీపీఎస్ పక్కన ఉండకూడదు. సీపీఎస్‌లో పైన లెక్కపెట్టే రోగనిరోధక కణాలు కింది సంఖ్యలో ఉండవు, కాబట్టి లెక్క 100 దాటిపోవచ్చు. దాటినా 100 అనే రాస్తారు.

లెక్కలోకి రానివీ ఉన్నాయి: న్యూట్రోఫిల్స్, ప్లాస్మా కణాలు, చచ్చిన కణాలు. బతికున్న క్యాన్సర్ కణాలు కనీసం 100 లేకపోతే అసలు స్కోరు ఇవ్వరు.

ఊపిరితిత్తి ముక్కతో ఇంకో చిక్కుంది. గాలి గదుల్లో మామూలుగా తిరిగే మాక్రోఫేజ్‌లకు కూడా పీడీ-ఎల్1 రంగు పడుతుంది. అవి గడ్డకు సంబంధించినవి కావు, లెక్కపెట్టకూడదు. పైగా పొగ, దుమ్ము మింగిన మాక్రోఫేజ్‌లలో నల్లటి మసి ఉంటుంది. తొందరగా చూస్తే అదీ రంగే అనిపిస్తుంది. అందుకే ఒకే మనిషికి గొంతు ముక్కలో ఒక అంకె, ఊపిరితిత్తి ముక్కలో ఇంకో అంకె వస్తే వెంటనే ల్యాబును తప్పుపట్టకండి. గడ్డ స్వభావం కూడా చోటును బట్టి మారుతుంది. ముక్క ఎక్కడిది, ఎప్పటిది అన్నది చూడకుండా సీపీఎస్ చదవడం నా దృష్టిలో తేదీ చూడకుండా టికెట్ చదవడమే.

ఇంతకీ 25 ఏం చెబుతుంది? బతికే అవకాశం 25 శాతమని కాదు. 2019లో అచ్చయిన కీనోట్-048 ప్రయోగంలో సీపీఎస్ 20, ఆపైన ఉన్నవాళ్లలో పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 14.9 నెలలు, సెటుక్సిమాబ్ అనే మందుతో పాటు కీమో తీసుకున్నవారిది 10.7. మధ్యస్థం అంటే సగం మంది అంతకంటే ఎక్కువకాలం బతికారని, ఎవరికీ గడువు పెట్టినట్టు కాదు. ఇక్కడ సీపీఎస్ పని ఏ మందు ఎవరికి పనికొస్తుందో అంచనా వేయడం. గడ్డలోకి చొరబడిన సీడీ8 టీ కణాల (క్యాన్సర్ కణాలను చంపే రకం) సంగతి వేరు. అవి దండిగా ఉన్న గడ్డల్లో, ఏ మందు వాడారన్నది పక్కనబెట్టినా, ఫలితాలు మెరుగ్గా ఉంటున్నాయి. మొదటిది మందు ఎంపిక, రెండోది జబ్బు తీరు. ఈ తేడా మీద వచ్చే పాఠమంతా ఉంటుంది.

అప్పటిదాకా రెండు లెక్కలు చేసి ఉంచండి. ఒకటి: క్యాన్సర్ కణాలు 400, రంగు పట్టినవి 8, రంగు పట్టిన లింఫోసైట్లు 60, ప్లాస్మా కణాలు 24. సీపీఎస్ ఎంత, టీపీఎస్ ఎంత? రెండు: క్యాన్సర్ కణాలు 80, రంగు పట్టినవి 40. ఇది కాస్త ఆగి చేయండి.