తెలియని మాట కనబడితే ఫంక్షన్ ఆగిపోవాలి

నా దగ్గరికి వచ్చే డేటాలో ఎక్కువ భాగం ఇద్దరు ముగ్గురు కూర్చుని ఎక్సెల్‌లో టైప్ చేసిన సర్వేలే. ఆ మధ్య వచ్చిన ఫైల్లో నొప్పి తీవ్రత అని ఒక కాలమ్ ఉంది. అందులో ఉండాల్సినవి నాలుగే మాటలు: నన్, మైల్డ్, మోడరేట్, సివియర్. నేనూ ఆ నాలుగింటినే లెవెల్స్‌గా, అంటే ఒప్పుకునే విలువలుగా ఇచ్చి, గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో, మాటల కాలమ్‌ని వర్గాలుగా మార్చే ఫ్యాక్టర్ ఫంక్షన్ నడిపేసి, మోడల్ కట్టి రిపోర్టు పంపేశాను. వారం తర్వాత చూసుకుంటే 412 వరసల్లో 41 మోడల్లోకే రాలేదు. స్పెల్లింగ్ తేడా ఉన్నవీ, చివర్లో ఖాళీ ఉన్నవీ అన్నీ ఎన్‌ఏలు, అంటే విలువ లేని గడులు, అయిపోయాయి. లెవెల్స్‌లో లేని విలువ తగిలితే ఫ్యాక్టర్ హెచ్చరిక కూడా ఇవ్వదు, దాన్ని ఎన్‌ఏ చేసి ముందుకు పోతుంది. ఎల్ఎమ్ (రిగ్రెషన్ మోడల్ కట్టే ఫంక్షన్) సమ్మరీ అడుగున ఇన్ని వరసలు వదిలేశానని ఒక లైను ఉంటుంది. దాన్ని చదవకపోవడం మాత్రం నా తప్పే.

అప్పటినుంచి ఫ్యాక్టర్‌ని నేరుగా పిలవడం మానేశాను. దాని ముందు నాదొక చిన్న ఫంక్షన్ కాపలా ఉంటుంది. అదెలా రాసుకోవాలో చెప్తాను.

ఏదీ ముట్టుకోకముందు టేబుల్ ఫంక్షన్‌తో కాలమ్‌ని లెక్కపెట్టండి. యూజ్‌ఎన్‌ఏ అనే ఆర్గ్యుమెంట్‌కి (ఫంక్షన్‌కి మనం అందించే వివరం) ఆల్వేస్ అని ఇవ్వండి, లేకపోతే ఎన్‌ఏలు లెక్కలోకి రావు. నాకు నాలుగు బదులు పదకొండు రకాలు కనిపించాయి.

ఇక ఫంక్షన్. దానికి మూడు ఆర్గ్యుమెంట్లు చాలు: కాలమ్, మీరు ఒప్పుకునే లెవెల్స్, తప్పు స్పెల్లింగుల పట్టిక. లోపల మొదటి పని, యాజ్ డాట్ క్యారెక్టర్‌తో విలువల్ని మామూలు అక్షరాలుగా మార్చడం. తర్వాత ట్రిమ్‌డబ్ల్యూఎస్‌తో చివరల ఖాళీలు తీసెయ్యడం, టులోయర్‌తో అన్నీ చిన్నక్షరాలు చెయ్యడం, ఏమీ మిగలని చోట ఎన్‌ఏ పెట్టడం.

ఇక్కడ నన్ను ఒక పూటంతా తిప్పిన విషయం ఒకటుంది. ఇవన్నీ చేశాక కూడా టేబుల్లో మైల్డ్ రెండుసార్లు వచ్చింది. అక్షరం అక్షరం పోల్చినా తేడా లేదు. ఎన్‌క్యార్ పెట్టి పొడవు చూస్తే ఒకదానికి 4, రెండోదానికి 5. కంటికి కనబడని ఆ ఐదోది నాన్ బ్రేకింగ్ స్పేస్, వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు అంటుకొచ్చే రకం. ట్రిమ్‌డబ్ల్యూఎస్ మామూలుగా స్పేసు, ట్యాబు, లైన్ బ్రేకులనే తీస్తుంది, దీని జోలికి పోదు. అందుకని నా ఫంక్షన్‌లో ముందు జీసబ్‌తో ఆ అక్షరాన్ని మామూలు స్పేసుగా మార్చి, ఆ తర్వాతే ట్రిమ్ చేస్తాను.

పట్టిక అంటే పేర్లున్న వెక్టార్: పేరు చోట తప్పు రూపం, విలువ చోట సరైనది. కాలమ్ మొత్తాన్ని దాంట్లో వెతికితే మళ్లీ పాత కథే, పట్టికలో లేని ప్రతి మాటకీ ఎన్‌ఏ వస్తుంది. పట్టికలో ఉన్నవాటిని మాత్రమే మార్చండి, మిగతావి అలాగే ఉండనివ్వండి.

అసలు కాపలా దీని తర్వాత. యూనీక్‌తో మిగిలిన రకాలు తీసి, సెట్‌డిఫ్‌తో వాటిలోంచి మీ లెవెల్స్‌నీ ఎన్‌ఏనీ తీసెయ్యండి. ఒక్కటి మిగిలినా స్టాప్ పిలిచి, ఆ మాట ఏంటో ఎర్రర్ మెసేజ్‌లోనే చూపించండి. వార్నింగ్ సరిపోదా అని అడుగుతుంటారు. వార్నింగుల్ని నేనే చదవను, ఇంకెవరు చదువుతారు?

అంతా దాటాకే ఫ్యాక్టర్. లెవెల్స్ వరస మీరే ఇవ్వండి. ఇవ్వకపోతే ఆర్ ఇంగ్లిష్ అక్షర క్రమం పట్టుకుంటుంది. అప్పుడు గ్రాఫ్‌లో నన్ వెళ్లి మోడరేట్‌కీ సివియర్‌కీ మధ్య కూర్చుంటుంది, రిగ్రెషన్‌లో పోలికకి ఆధారం మైల్డ్ అవుతుంది. వరస ఉంది కదా అని ఆర్డర్డ్‌కి ట్రూ ఇచ్చేముందు కూడా కాస్త ఆగండి. అలా చేస్తే ఎల్ఎమ్ ఒక్కో లెవెల్‌కి కాకుండా లీనియర్, క్వాడ్రాటిక్, క్యూబిక్ అని గుణకాలిస్తుంది. అవి ఏంటో చెప్పలేక నేను ఒక మీటింగ్‌లో నీళ్లు నమిలాను. ఆధారం మార్చాలంటే రీలెవెల్, వరసలు వడకట్టాక ఖాళీ లెవెల్స్ పోవాలంటే డ్రాప్‌లెవెల్స్.

అంకెలు ఫ్యాక్టర్‌గా ఉంటే యాజ్ డాట్ న్యూమరిక్‌ని నేరుగా వాడకండి. 10, 20, 30 కాస్తా 1, 2, 3 అవుతాయి. ముందు క్యారెక్టర్, ఆ తర్వాత న్యూమరిక్. 2020లో ఆర్ 4.0.0 వచ్చేదాకా రీడ్ డాట్ సీఎస్‌వీ అక్షరాల కాలమ్‌లన్నిటినీ తనంతట తానే ఫ్యాక్టర్లు చేసేది, పాత స్క్రిప్టుల్లో ఈ దెబ్బ ఇంకా తగులుతుంటుంది.

మొన్న రెండో విడత ఫైలు వచ్చింది. ఫంక్షన్ నడపగానే ఆగిపోయి, "మోడరేట్ టు సివియర్" అని చూపించింది. పట్టికలో ఇంకో లైను చేర్చి సివియర్‌లో కలిపెయ్యడానికి అర నిమిషం చాలు. చేర్చలేదు. టైప్ చేసినాయనకి ఫోన్ చేస్తే, "ఆ ఇద్దరూ రెంటికీ మధ్యన అన్నారండీ, నేనేం చెయ్యను" అన్నాడు. ఆ ఇద్దరినీ ఎటు వెయ్యాలో సర్వే చేయించినవాళ్లని అడిగాను, ఇంకా జవాబు రాలేదు. ఫంక్షన్ అక్కడే ఆగి ఉంది.