తవుడు స్క్రూ ఆగిపోతోందా? మోటారు విప్పే ముందు తొట్టి చూడండి

సార్వా కోతల్లో తుపాను పట్టిందంటే మండపేట, తణుకు వైపు రైస్ మిల్లుల్లో స్క్రూ కన్వేయర్లు (తొట్టిలో షాఫ్టుకి చుట్టిన రెక్క తిరుగుతూ తవుడు, ఊక ముందుకు నెట్టే యంత్రాలు) మొరాయిస్తాయి. అందరూ ముందు మోటారునే అనుమానిస్తారు. నేను చూసినంతలో జబ్బు ఎక్కువసార్లు సరుకులోనే ఉంటుంది. మూత తీసేముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు ఊడదీసి మీ జేబులో వేసుకోండి. తిరుగుతున్న స్క్రూలో కర్ర కూడా పెట్టొద్దు, రెక్క కర్రతో పాటు చేతినీ లాక్కుంటుంది.

ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతోంది

మోటారు మీద భారం ఎక్కువైతే దాన్ని ఆపేసేదే ఈ రిలే. సరుకు ఎక్కడ పేరుకుందో చూస్తే కారణం తెలుస్తుంది.

తొట్టి చివరిదాకా నిండిపోతే, సరుకు దిగేచోట అడ్డు పడింది. చాలాసార్లు అవతల సరుకు పైకెత్తే ఎలివేటర్ ఆగి ఉంటుంది, ఇది మాత్రం నెడుతూనే ఉంటుంది. ఎలివేటర్ ఆగితే స్క్రూ కూడా ఆగేలా ఇంటర్‌లాక్ పెట్టించండి.

సరుకు పడేచోటే కుప్పపడి, షాఫ్టు పూర్తిగా మునిగితే పోత ఎక్కువైంది. గేటు తగ్గించండి. తవుడుకు తొట్టిలో మూడో వంతు నిండితే చాలు.

హ్యాంగర్ బేరింగ్ (షాఫ్టుని మధ్యలో పైనుంచి పట్టి ఉంచేది) దగ్గరే గడ్డకట్టిందా? అక్కడ రెక్క లేకుండా కాస్త ఖాళీ వదిలి ఉంటుంది కాబట్టి సరుకు ఒక క్షణం ఆగుతుంది, తేమ ఉంటే అంటుకుపోతుంది. ఉప్పుడు బియ్యం తవుడులో నూనె ఎక్కువ, అది ఇంకా మొండిది. గడ్డ గీకేస్తే ఆ పూటకి నడుస్తుంది. ధాన్యం సరిగ్గా ఆరబెట్టకుండా మిల్లుకెక్కిస్తే మర్నాటికి మళ్లీ అదే పని.

కరెంటు వచ్చాక సరుకు వెనక్కి పోతోంది

తుపాను తర్వాత లైను బాగుచేసినప్పుడు ఒక్కోసారి ఫేజుల వరస మారిపోతుంది, మోటారు ఎదురు తిరుగుతుంది. వెంటనే ఆపండి, లేకపోతే వెనక ప్లేటు, సీలు పోతాయి. మిల్లులో మోటార్లన్నీ ఎదురు తిరుగుతుంటే ఒక్కోదాన్నీ ముట్టుకోవద్దు. ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ దగ్గరే ఏవైనా రెండు ఫేజులు మార్పించండి. ఆ తర్వాతే సరుకు వదలండి.

అడుగున గీసుకుంటున్న చప్పుడు

హ్యాంగర్ బేరింగ్‌లోని బుష్ అరిగి షాఫ్టు కిందికి వాలింది, లేదా రెక్క వంగింది. బుష్ మార్చండి. ఆలస్యం చేస్తే తొట్టికి చిల్లు పడుతుంది.

ఊక స్క్రూ తిరుగుతోంది, సరుకు మాత్రం తగ్గింది

ఊకలో సిలికా ఎక్కువ, రెక్కల అంచుల్ని తినేస్తుంది. స్పీడు పెంచితే అరుగుదల ఇంకా పెరుగుతుంది. అంచుకి హార్డ్ ఫేసింగ్ (అరుగుదల తట్టుకునే గట్టి లోహం పూత) వెల్డింగ్ చేయించండి, మరీ పలచబడితే రెక్క మార్చాల్సిందే.

తొట్టిలోంచి ముక్క వాసన

రాత్రి తొట్టిలో మిగిలిన తవుడు అది. మర పట్టిన క్షణం నుంచే తవుడులో ఎంజైమ్ నూనెను విరగ్గొడుతుంది. ఆమ్లం పెరిగిన తవుడుకు నూనె మిల్లు వాళ్లు ధర కోస్తారు. రోజూ పోత ఆపాక స్క్రూ ఖాళీ అయ్యేదాకా తిప్పండి. రెక్కల కింద మిగిలిన పొరని వారానికోసారి మూతలు తీసి ఊడ్పించండి, ఫ్యూజులు జేబులో ఉన్నప్పుడే.