పాతకాలపు ఇటాలియన్ అల్లిక టైలు, మఫ్లర్లు: పరీక్షించి ఎంచుకోవడం, ధరించడం, దాచుకోవడం

పాత ఇటాలియన్ అల్లిక టై గానీ మఫ్లర్ గానీ చేతికి వచ్చినప్పుడు లేబుల్ కంటే ముందు దాని వెనుక వైపు చూడాలి. డిజైన్ ముందు నిండుగానూ వెనుక వెలవెలబోతూనూ ఉంటే అది సాధారణంగా అల్లిన తర్వాత వేసిన అద్దకం. రంగు దారాలు వెనుక అడ్డంగా, వదులుగా సాగుతూ కనిపిస్తే అది జకార్డ్ అనే అల్లిక. అలాంటి దారాలు లేకుండా ఒక్కో రంగు తన హద్దు దగ్గరే ఆగిపోతే అది ఇంటార్సియా అనే అల్లిక. గళ్లూ గీతలూ అల్లికలోనే పుట్టిన వస్తువును ఎంచుకోమని నా సలహా, ఎందుకంటే రంగు కొంత వెలిసినా ఆ డిజైన్ వేళ్లకు తెలుస్తూనే ఉంటుంది.

ఇందుకు ఇటలీ అల్లిక దుస్తుల సంస్థ మిస్సోనీ మఫ్లర్లు మంచి ఉదాహరణ. ఒట్టావియో, రోసిటా మిస్సోనీ దంపతులు 1953లో మిలాన్‌కు వాయవ్యంగా ఉన్న గల్లరాతేలో చిన్న అల్లిక కార్ఖానా పెట్టారు. వారికి పేరు తెచ్చిన జిగ్‌జాగ్ డిజైన్, నిలువు దారాలతో అల్లే రాషెల్ యంత్రం పనితీరుకు చక్కగా నప్పిన ఆకృతి: అందులో ఒక్కో నిలువు దారం వరుస వరుసకూ పక్క సూదికి జరుగుతూ, కొంతదూరం వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుంది.

ఉత్తర ఇటలీలో పట్టుకు పేరున్న కోమో ప్రాంతపు గ్రెనడిన్ రకం టైలను చాలామంది అల్లిక అనుకుంటారు. నిజానికి అవి మగ్గం మీద నేసినవి. నిలువు దారాలు ఒకదాన్నొకటి మెలివేసుకోవడం వల్లనే వాటికి జల్లెడలాంటి గరుకుదనం వస్తుంది.

ఉన్ని వస్తువును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చిమ్మట కొట్టిన రంధ్రాలు బయటపడతాయి. టై అయితే ముడి పడే చోటు సాగి పలచబడిందేమో తప్పక తడిమి చూడాలి, అక్కడి అరుగుదలను సరిచేయడం కష్టం. లేబుల్ మీద ఉన్ని నాణ్యతను తెలిపే వూల్‌మార్క్ గుర్తు ఉంటే వస్తువు 1964కు ముందుది కాదు, ఆ గుర్తు వచ్చిందే ఆ ఏడాది.

అల్లిక టై మందంగా ఉంటుంది కాబట్టి విండ్సర్ అనే లావుపాటి ముడి వేస్తే గొంతు దగ్గర ఉబ్బిపోతుంది. ఫోర్ ఇన్ హ్యాండ్ అనే సన్నని, తేలికైన ముడి చాలు. టై మీద చిన్న గళ్లుంటే కోటు మీద పెద్ద గళ్లు ఉండవచ్చు గానీ, రెండూ ఒకే పరిమాణంలో ఉంటే కంటికి ఏదీ ఆనదు. జిగ్‌జాగ్ మఫ్లర్ వేసుకున్న రోజున మిగతావన్నీ సాదాగా, అయితే ఫ్లానెల్‌లా కాస్త నూగుతో ఉండటం నాకు ఇష్టం.

వీటిని వేలాడదీస్తే సాగిపోతాయి. టైని వదులుగా చుట్టి, మఫ్లర్‌ను మడతపెట్టి ఉంచాలి. చిమ్మట అనుమానముంటే, ఉన్ని వస్తువును గాలి చొరని సంచిలో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో 2 వారాలు ఉంచి, బయటికి తీశాక సంచి పూర్తిగా గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు, లేకపోతే ఉన్నికి చెమ్మ పడుతుంది.